పిన్నిగారి ముక్కు

మొన్న మెట్రోలో నా ఎదుటి సీట్లో కూర్చున్న అమ్మాయి, అమీర్‌పేట స్టేషన్ దాటగానే సంచిలోంచి చిన్న సీసా తీసింది. తల వెనక్కి వాల్చి ఒక ముక్కులో, తర్వాత రెండో ముక్కులో చుక్కలు వేసుకుంది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత నోరు మూసి, ముక్కుతో గాలి నిండుగా పీల్చింది. ఆ పీల్చడంలోని హాయి చూసి నాకు దిగులు పుట్టింది.

"జలుబు చేసిందా అమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి చెవిలో పెట్టుకున్నది తీసి, "జలుబేం లేదాంటీ. ఇది వేసుకోకపోతే ముక్కు తెరుచుకోదు, అంతే" అని నవ్వి, మళ్లీ చెవిలో పెట్టుకుంది.

ఆ మాట నేను చాలా ఏళ్ల కిందట విన్నాను. ఆ నవ్వూ అలాంటిదే. నవ్విన మనిషి వేరు.

ఆమెను అందరం పిన్నిగారు అనేవాళ్లం. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే సెంటర్ల వెనక గల్లీలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండేది. ఆమె అక్కడ వంట చేసేది. నేను కూరగాయలు తరిగి, గిన్నెలు తోమేదాన్ని. అప్పట్లో ఆ గల్లీలో గోడలు కనబడేవి కావు, అన్నీ బోర్డులే. ఎక్కడెక్కడి పిల్లలో పెట్టెలు పట్టుకుని దిగేవాళ్లు. కోర్సు అయి ఉద్యోగం దొరకగానే హైటెక్ సిటీ వైపు వెళ్లిపోయేవాళ్లు. మంచం చల్లబడక ముందే ఇంకో పిల్ల వచ్చేది. పిన్నిగారు మాత్రం కదలలేదు. ఆమె కృష్ణా జిల్లా మనిషి. అంతకుమించి తన గురించి చెప్పేది కాదు. అడిగితే, "నా కథ వింటూ కూర్చుంటే పోపు మాడుతుంది, పద" అనేది.

సన్నటి మనిషి. గంజి పెట్టిన నేత చీర, ఎర్రరాయి ముక్కుపుడక. వంటింట్లోకి రాగానే పొయ్యి జోలికి వెళ్లేది కాదు. పొయ్యి పక్క గూట్లో దేవుడి పటం ఉండేది. ముందు అక్కడ దీపం, తర్వాతే పొయ్యి. వండినదాంట్లో మొదటి గరిటె చిన్న ఇత్తడి గిన్నెలో ఆ పటం ముందు పెట్టాలి. అంతవరకూ ఎవరూ నోట వేసుకోకూడదు. వండేవాళ్లు రుచి చూశారంటే ఆమె దృష్టిలో అది ఎంగిలి.

"నోట్లో వేసుకుని చూసేదాన్ని వంట అనరే, దొంగతనం అంటారు" అనేది.

మరి ఉప్పు సంగతి ఎలా తెలుస్తుంది? వాసనతో. గిన్నె మీద మూత తీసి, కొంగు చివరతో ఆవిరిని తన వైపు విసురుకునేది. కళ్లు మూసుకునేది. ఎవరో చెవిలో రహస్యం చెబుతున్నట్టు తల కాస్త పక్కకు వంచేది. "చాలదంటోంది" అని ఇంకాస్త ఉప్పు వేసేది. లేదా "చెప్పేసింది" అని మూత పెట్టేసేది. నేను మొదట్లో నమ్మలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఉప్పుకు వాసనెక్కడిది పిన్నిగారు?"

"ఉప్పుకి ఉండదే. ఉప్పు సరిగ్గా పడ్డాక మిగతావాటికి వస్తుంది."

చాలాకాలం ఆ మాట తప్పు కాలేదు. తప్పయిన రోజుల గురించే ఇదంతా రాస్తున్నాను.

పిల్లలకు ఆమె ముక్కంటే సరదా, కొంచెం భయం కూడా. భోజనాల దగ్గర ఒక పిల్ల, "పిన్నిగారూ, మా కోర్సులన్నీ దండగ. మీ ముక్కుకి టెస్టింగ్‌లో ఉద్యోగం ఖాయం" అంటే, "వస్తే రానీ. ముందు నిన్న గదిలో గుడ్డు ఉడకేసుకున్నది ఎవరో ఒప్పుకోండి" అనేది. పాలు విరిగే ముందు పూటే ఆమెకు తెలిసిపోయేది. కూరలబుట్ట దగ్గర నిలబడి, "అడుగున ఒక టమాటా పోయింది, తీసెయ్" అనేది. నేను బుట్ట బోర్లించి చూస్తే నిజంగానే ఉండేది.

ఒక వానాకాలం ఆమెకు జలుబు పట్టింది. ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. వాసన తెలియక, నోట వేసుకోవడానికి మనసొప్పక, గిన్నెల మధ్య దారి తప్పినదానిలా తిరిగింది. అది చూసి హాస్టల్ పిల్ల ఒకతి తన దగ్గరున్న ముక్కు చుక్కల సీసా ఇచ్చింది. పిన్నిగారు తల వెనక్కి వాల్చి వేసుకుంది. కాసేపటికి లేచి, ఉడుకుతున్న చారు మీద మూత తీసి, కొంగు విసిరింది.

"ఏమే! గది తలుపు తీసినట్టు తెరుచుకుందే!" అంది. ఆమె అంత సంతోషపడటం నేను అంతకుముందు చూడలేదు.

జలుబు వారంలో పోయింది. సీసా పోలేదు. అది ఆమె బొడ్లో దోపుకునే చిన్న సంచిలో, దేవుడి గూటి తాళంచెవి పక్కన చేరింది. దాన్ని కూడా ఆమె తాళంచెవి అనే పిలిచేది. "ఏదే నా తాళంచెవి?" అని చీర మడతలు తడుముకునేది. మొదట్లో పొద్దున లేవగానే ఒకసారి వేసుకునేది. తర్వాత సాయంత్రం వంటకు ముందు కూడా. రోడ్డు తవ్వి దుమ్ము లేచిన రోజుల్లో మధ్యాహ్నం కూడా. చివరికి పెద్ద గిన్నె మూత తీసే ప్రతిసారీ తల వెనక్కి వాలేది. పైకప్పు మీద బల్లిని చూస్తున్నట్టు కళ్లు పైకి ఉండేవి.

"జలుబు పోయింది గద, ఇంకెందుకు పిన్నిగారు?" అన్నాను.

"జలుబేం లేదే. ఇది లేకపోతే ముక్కు తెరుచుకోదు, అంతే" అని నవ్వింది.

మందుల షాపు మా గల్లీ మొదట్లోనే ఉండేది. షాపు భాయ్ ఆమె వస్తుంటే ముందే సీసా తీసి పెట్టేవాడు. ఒకరోజు తియ్యలేదు.

"అమ్మా, గిది నాలుగు దినాలు ఏసుకొని బంద్ చేసేది. మీరు చాయ్ లెక్క చేసిండ్రు. జర డాక్టర్‌కు సూపించుకోండ్రి."

"ఏంటయ్యా, కొనడానికొస్తే పాఠం చెబుతావు? ఈ అమీర్‌పేటలో అందరూ మాస్టర్లే అయిపోయారు!"

"పాఠం కాదమ్మా, ఫికర్. మా అమ్మీ సుత గిట్లనే..."

అతను మాట పూర్తి చేసేలోపే ఆమె గిర్రున తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత ఆ షాపు ముందు నుంచి నడవడమే మానేసింది. ఆకుకూరలు అక్కడ లేతగా ఉంటాయని చెప్పి యూసుఫ్‌గూడ దాకా వెళ్లేది. ఇంకోసారి మధురానగర్ అనేది. ఆకుకూరలు ఎప్పటిలాంటివే వచ్చేవి. సీసాలు మాత్రం కొత్తవి.

మార్పు మెల్లగా వచ్చింది. మూత తీశాక ఆమె వంగి ఉండే సమయం పెరిగింది. "చెప్పేసింది" అనే మాట ఆలస్యమయ్యేది. అది ఆవిరి చెప్పింది కాదు, అలవాటు చెప్పింది అని నాకు అర్థమయ్యేది. తుమ్మితే రుమాలు మీద ఎర్రటి చార కనబడేది. మాట ముక్కులోంచి కాక ఎక్కడో గొంతు అడుగు నుంచి వచ్చేది. తర్వాత తర్వాత నన్ను పిలవడం మొదలుపెట్టింది, పిల్లలకు వినబడకుండా.

"ఏమే, నీ ముక్కు ఒకసారి ఇటియ్యి. అడుగంటుతోందా?"

అడుగంటడం నాకు తెలుస్తుంది. ఉప్పు తెలియదు కదా. ఒకరోజు సాంబారు సముద్రం. ఇంకోరోజు చప్పిడి. వెక్కిరించే పిల్లలు వెక్కిరించడం మానేశారు. వెక్కిరించినంత కాలం బాగుండేదని మానేశాకే తెలిసింది. వాళ్లు కంచంలో వేలితో గీతలు గీసి లేచిపోయేవాళ్లు. పిన్నిగారు ఆ కంచాల వైపు చూసేది.

ఒక పొద్దున నేను పనికి వచ్చేసరికి వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోయగానే గ్యాస్ వాసన మొహం మీద కొట్టింది. పరీక్షకు వెళ్లే పిల్ల ఎవరో ముందే వచ్చి నీళ్లు పెట్టుకుందట. మీట పూర్తిగా తిప్పలేదు. మంట ఆరిపోయింది, గ్యాస్ ఆగలేదు. పిన్నిగారు లోపలే ఉంది. స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, దేవుడి గూటి ముందు నిలబడి ఉంది. ప్రమిదలో ఒత్తి సర్దింది. ఎడమ చేతిలో అగ్గిపెట్టె, కుడి చేతిలో పుల్ల.

నేను అరిచానో లేదో గుర్తులేదు. ఆమె చేతి మీద కొట్టాను. పుల్లలు నేలంతా చెదిరాయి. మీట కట్టేసి, సిలిండర్ మూసేసి, కిటికీలు బార్లా తెరిచి, ఆమెను రెక్క పట్టుకుని గల్లీలోకి లాక్కొచ్చాను.

ఎందుకు కొట్టావని ఆమె అడగలేదు. వంటింటి వైపు చూస్తూ చాలా నెమ్మదిగా, "వాసన వస్తోందా?" అంది.

"మస్తు వస్తుంది పిన్నిగారు! గల్లీ దాకా వస్తుంది!"

"పైన పిల్లలున్నారు" అంది. పై అంతస్తు కిటికీలో ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రమే పంజాగుట్టలో ముక్కు డాక్టరు దగ్గరికి బయలుదేరాం. బస్సు వద్దంది, నడుద్దామంది. నాకు అప్పటికి అక్షరాలు రావు. ఆమెతో ఎప్పుడు నడిచినా నాకోసం బోర్డులు చదివేది. ఆ రోజు కూడా చదివింది. "ఇక్కడ జావా నేర్పబడును. ఇక్కడ స్పోకెన్ ఇంగ్లీషు. ఇక్కడ రెండూనూ." ఉన్నట్టుండి ఆగి, "నేను చదువుతున్నాను కదా, నువ్వు కూడా చెప్పు. ఏమేం వస్తున్నాయి?" అంది.

"ఏం చెప్పాలె?"

"వాసనలే."

నేను గాలి పీల్చాను. "ఇరానీ చాయ్. బస్సు పొగ. ఎవరో మిరపకాయ బజ్జీలు ఏస్తున్నరు."

"ఇంకా?"

"మల్లెపూలు."

"మల్లెలా? ఎక్కడ?" అని దూరంగా, రోడ్డుకు అవతల వెతికింది. పూలమ్మే ఆమె గంప పెట్టుకుని మా కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది.

డాక్టరమ్మ పెద్దావిడ. నుదుటి మీది దీపం వేసుకుని ముక్కులోకి చూసింది. ముక్కుపుడక రాయి ఎర్రగా మెరిసింది. చాలాసేపు చూసి, "ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారు?" అని అడిగింది.

"మొన్న జలుబు చేసినప్పటి నుంచండీ."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను, "మూడు వానాకాలాలు అయింది మేడమ్" అన్నాను. పిన్నిగారు నన్ను మోచేత్తో పొడిచింది.

"చూడండమ్మా" అంది డాక్టరమ్మ. "ఈ మందు లోపలి పొరలో రక్తనాళాల్ని బిగిస్తుంది. పొర అణుగుతుంది, దారి తెరుచుకుంటుంది. నాలుగు రోజులకైతే మంచిదే. రోజూ వేస్తుంటే మందు దిగిపోయిన ప్రతిసారీ పొర ముందుకంటే ఎక్కువ ఉబ్బుతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ ఉబ్బుతుంది. మీ లోపల ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం వచ్చేలా ఉంది. వాసన పైకి చేరడానికి సందే లేదు. మీకు ఎప్పుడో జలుబు పోయిందమ్మా. ఇప్పుడున్న జలుబు ఆ సీసాలో ఉంది."

పిన్నిగారు బొడ్లోని సంచిని చేత్తో గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"మానేస్తే వాసన వస్తుందా?"

"చాలామందికి వస్తుంది. మీరు చాలా ఆలస్యంగా వచ్చారు. మాటివ్వలేను."

ముందు ఒక ముక్కులో మానమంది. అది తేరుకున్నాక రెండోదాంట్లో. వేరే స్ప్రే రాసిచ్చింది. రోజూ ఉప్పునీళ్లతో కడుక్కోమంది. కొన్నాళ్లు గాలాడక ప్రాణం విసిగిపోతుందని, అయినా మానేసిన ముక్కులో మాత్రం చుక్క వెయ్యొద్దని చెప్పింది.

బయటకు వచ్చాక పిన్నిగారు నవ్వింది. "ఉప్పుట! ఇన్నాళ్లు దాన్ని నేను చూశాను, ఇక అది నన్ను చూస్తుందిట."

కుడి ముక్కుతో మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆమెను చూడటం కష్టంగా ఉండేది. నోరు తెరుచుకునే ఉండేది, పెదాలు పగిలాయి. నాలుగు ముద్దలు తిని ఊపిరాడక కంచం పక్కకు నెట్టేది. బోర్లించిన గిన్నె మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగే నా వంక చూస్తూ, "నీ కళ్లలోనైనా నీళ్లొస్తున్నాయి, నాకదీ లేదు" అనేది. సీసా తీసేది. వెలుతురులోకి ఎత్తి చూసేది. మూత దాకా చెయ్యి వెళ్లేది. మళ్లీ బొడ్లో దోపేది. ఒకసారి దాన్ని గల్లీలోకి విసిరేసి, కాసేపటికి తనే వెళ్లి వెతుక్కుని తెచ్చుకుంది. నేను చూడనట్టు వంకాయలు తరిగాను.

ఇంతలో ఓనరుగారు వచ్చారు. మంచి మనిషే, కానీ హాస్టల్ నడుపుకోవాలి కదా.

"పిన్నిగారూ, పిల్లలు పక్క హాస్టల్‌కి మారతామంటున్నారండీ. ఉప్పూకారం సంగతి కాస్త చూడండి. కొత్త ఏడాది నుంచి క్యాటరింగ్ వాళ్లని పెట్టమంటున్నారు అందరూ."

"ఇంకొన్నాళ్లు ఆగండి, నాయనా. తగ్గిపోతుంది" అంది. ఇంకొకరి ముందు ఆమె బతిమాలడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆయన వెళ్లాక నేను అన్నాను. "పిన్నిగారు, జర నాలుక మీద ఏసుకొని సూస్తే ఏమైతది?"

"ఎంగిలి కూడు దేవుడికి పెట్టమంటావా?"

"నేను సూస్త. మీరు సూడకుండ్రి."

"నువ్వు చూస్తే ఎంగిలి కాదా?"

"అయితే ముందుగాల దేవునికి ఇంత తీసి పక్కకు పెట్టుండ్రి. తర్వాత సూద్దాం."

"ఉప్పుందో లేదో తెలియనిది ఆయనకి పెట్టి, సరిచేసుకున్నది మనం తిందామా? బాగానే ఉంది నీ న్యాయం!"

నేను మళ్లీ కత్తిపీట ముందు కూర్చున్నాను.

కొన్ని రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, పప్పు దించింది. ఇంగువ పోపు తన చేతులతోనే పెట్టింది. ఆ ఇంగువ వాసన మేడ మీదికి వెళ్లి, ఎవరో పిల్ల పైనుంచి "పిన్నిగారూ, ఆకలేస్తోంది!" అని కేకేసింది. పిన్నిగారు మూత తీసింది. కొంగు విసిరింది. కళ్లు మూసుకుంది. అలా ఎంతసేపు నిలబడిందో, ఆవిరి కూడా తగ్గిపోయింది. తర్వాత దేవుడి గూటి తలుపు దగ్గరగా వేసి, గరిటె అంచున ఇంత పప్పు తీసి అరచేతిలో వేసుకుంది. నా వైపు వీపు పెట్టింది. నోట్లో వేసుకుంది.

నేను చేతిలో పని ఆపేశాను.

"ఉప్పు సరిపోయింది" అంది. ఇటు తిరిగింది. మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. "ఉప్పు తప్ప ఇందులో ఇంకేమీ లేదే. ఏమే, నేను ఇంగువ వేశానా?"

వంటిల్లంతా ఇంగువ వాసన. నా చీర, నా జుట్టు, అంతా ఇంగువ.

"ఏసిండ్రు పిన్నిగారు" అన్నాను.

ఆ రోజు పిల్లలు పప్పు బాగుందన్నారు. పిన్నిగారు ఆ పూట పటం ముందు గిన్నె పెట్టలేదు, తను తినలేదు కూడా.

క్యాటరింగ్ వచ్చింది. కుడి ముక్కు తేరుకుని ఎడమదాంట్లో మానడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఆమె సామాను సర్దుకుంది. వరసకు చెల్లెలి కూతురట, సనత్‌నగర్‌లో ఉంటే వాళ్ల పక్క గదిలోకి మారింది. నేనూ వేరే చోట పనికి కుదిరాను. ఆమెను మళ్లీ చూడటానికి వెళ్లేసరికి చాలా నెలలు గడిచాయి. అప్పటికి నేను ఒక హాస్టల్ పిల్ల దగ్గర అక్షరాలు దిద్దుతున్నాను. దారిలో బోర్డులు కూడబలుక్కుంటూ, ఆ సంగతి ఆమెకు చెప్పాలని వెళ్లాను. వెల్డింగ్ షాపుల వెనక చిన్న గది. నన్ను చూసి గడప దాకా ఎదురొచ్చింది. నోరు మూసుకుని, ముక్కుతో శ్వాస తీసుకుంటోంది. అది ముందు చూశాను. నాకు ఎంత సంతోషమైందో.

"మానేసిండ్రా?"

"మానేశానే. పూర్తిగా. చూడు" అని బొడ్లోని సంచి తీసి చూపించింది. తాళంచెవి ఒక్కటే ఉంది.

"మరి వాసన?"

గట్టిగా గాలి పీల్చి వదిలింది. "గాలి వస్తోంది. బాగా వస్తోంది. గాలే వస్తోంది."

ఒకరోజు ఆ చెల్లెలి కూతురి కోసం కాఫీ డికాక్షన్ దించుతుంటే ఎక్కడో దూరం నుంచి వాసన వచ్చినట్టు అనిపించిందట. అది నిజంగా వచ్చిందో, గుర్తుకొచ్చిందో తేల్చుకోలేకపోయిందట. తర్వాత రోజూ ఆ వేళకు డికాక్షన్ మీద వంగి చూస్తోందట. కాఫీ తాగే అలవాటు కూడా లేదు ఆమెకు.

మాటల్లో పొద్దుపోయింది. దీపం వేళ అయింది. ఆమె లేచి కాళ్లు కడుక్కుని, గూట్లోని ప్రమిదలో ఒత్తి సర్ది, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగింది. గది మూలన చిన్న పొయ్యి, దాని పక్కన సిలిండర్ ఉన్నాయి.

"రోజూ పక్కింటి అమ్మాయిని పిలుస్తానే. ఇవాళ నువ్వున్నావుగా" అంది. "ఒకసారి చూసి చెప్పు. వెలిగించనా?"

నేను పొయ్యి దగ్గరికి వెళ్లి వంగాను. మీట ముట్టుకుని చూశాను. సిలిండర్ చుట్టూ, గది నాలుగు మూలలా గుండెల నిండా గాలి పీల్చాను. నూనె, తడిసిన ఒత్తి, వాకిట్లో తులసి, బయటి నుంచి కాలిన ఇనుము వాసన. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. ఒకప్పుడు తను మూత తీసినప్పుడు మేమంతా ఆమె మొహం వైపు ఎలా చూసేవాళ్లమో, అలా.

"ఏం లేదు పిన్నిగారు. ఎలిగించుండ్రి."

"బాగా చూశావా?"

"బాగ సూసిన."

అయినా ఆమె ఇంకొంచెంసేపు ఆగింది. తర్వాత చెయ్యి దూరంగా చాచి, మొహం పక్కకు తిప్పుకుని, పుల్ల గీసింది.